నూటతొంబది గుఱ్ఱముల బండి

ఒక వస్తువు గొప్పదని చెప్పుటకును, అది మనకు పనికివచ్చునని చెప్పుటకును నడుమ నెంతో దూరము గలదు. ఏనుగు గొప్ప జంతువే. గొప్పదని యెఱిగియే సామాన్యగృహస్థుడు దానిని పెరటిలో గట్టుకొనడు. ఈ వివేకము మన కన్ని విషయములందును గలదు కాని, మోటారుసైకిలు మాట వచ్చునప్పటికి మఱుగుపడుచున్నది. బండి గంటకెన్ని కిలోమీటర్లు పోవునని యడుగువారే కాని, ఇంటిలో నెందఱికి నది యక్కఱకు వచ్చునని యడుగువా రరుదు. ఈ రెండవ ప్రశ్ననే యిచట కొంచెము విచారింప దలచితిని.

మా తిరుమలగిరి పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగినపుడు సూర్యాపేట జిల్లాలో జేరినది. సూర్యాపేటనుండి జనగామకు బోవు రహదారి మా యూరిమీదుగానే పోవుచున్నది. వ్యవసాయ మార్కెట్టుకు వడ్లబస్తాలతో వచ్చు ట్రాక్టర్లు, పాలడబ్బాలు వ్రేలాడగట్టిన మోటారుసైకిళ్లు, గొఱ్ఱెలమందలు, బడిపిల్లల ఆటోలు, ఆర్టీసీ బస్సులు, వీనియన్నిటికిని ఆ బాటయే యాధారము. వడ్లకోతలు వచ్చినవా, బాటలో సగము వడ్లారబోయుటకే సరిపోవును. కల్లములు చాలని రైతులకు తారురోడ్డే కల్లము. కుప్ప చుట్టును రాళ్లు పేర్చి, రాత్రివేళ నల్లని టార్పాలిను గప్పుదురు. చీకటిలో నల్లని రోడ్డుమీద నల్లని కుప్ప కంటబడుట యెంత కష్టమో, దానికి బండి కొట్టుకొని చేయివిఱిగినవారిని జూచిన నా బోటివారికి దెలియును.

ఇట్టి బాటపై గడచిన దీపావళికి, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయు నా పూర్వశిష్యుడొకడు సుజుకీ హయబూసా యను పెద్దబండి నెక్కి వచ్చెను. బస్టాండు దగ్గఱ బండి యాగునప్పటికి చుట్టును ముప్పది నలుబదిమంది పిల్లలు గుమిగూడిరి. 2004లో వచ్చిన ‘ధూమ్’ అను హిందీ చిత్రమున నా బండిని జూచిన తరము పెండ్లిండ్లు చేసికొని పిల్లలను గన్నది. అయినను దానిపై మోజు మాత్రము తండ్రులనుండి కొడుకులకు దిగివచ్చినది.

హయబూసా యనగా జపానుభాషలో బైరిడేగ. మన సంస్కృతమున శ్యేన మనబడు జాతిలోనిది. ఎరపై దుముకునపుడు పక్షులలో దానికి మించిన వేగము గలది లేదు. 1996లో హోండావారు బ్లాక్‌బర్డ్, అనగా నల్లపిట్ట యను పేర నొక వేగవంతమైన బండిని దెచ్చిరి. 1999లో సుజుకీవారు ఆ పిట్టను వేటాడు డేగ పేర దీనిని విడిచిరి. అది గంటకు 310 కిలోమీటర్లను మించి పోయెను. అంతట ఐరోపాలో నిట్టి వేగములను నిషేధింపవలెనను మాట పుట్టినది. నిషేధము తమపై బడకముందే తయారుచేయువారు తమలో దాము సమాధానపడి, 2000 ప్రాంతమున 299 కిలోమీటర్లను హద్దుగా నేర్పఱచుకొనిరి. చేసినవారికే హద్దు కావలసివచ్చిన వస్తువని దీనివలన మనము గ్రహింపవచ్చును.

ఇక దాని శక్తిని లెక్కించి చూతము. 2021లో వచ్చిన హయబూసా ఇంజను 1,340 సి.సి.ల నాలుగు సిలిండర్లది. నిమిషమునకు 9,700 సార్లు తిరుగునపుడు 190 అశ్వశక్తుల నిచ్చును. పెట్రోలు నిండిన బండి బరువు 266 కిలోలు. మన యూళ్లలో నింటింట గనబడు హీరో స్ప్లెండరు 97 సి.సి.లది. దాని శక్తి 8 అశ్వములు, బరువు 112 కిలోలు. బరువును శక్తిచే భాగించినచో, స్ప్లెండరులో నొక్కొక్క అశ్వము 14 కిలోలను లాగవలెను. హయబూసాలో నొక్కొక్కటి 1.4 కిలోలను లాగిన జాలును. సరిగా పదిరెట్లు! ఇంత శక్తిని నింత చిన్న చట్రములో నిమిడ్చి, అది వణకకుండ, చెదరకుండ నడచునట్లు చేసిన శాస్త్రజ్ఞులకు నమస్కరింపకుండుట యల్పత్వము. రెండు చక్రములను నొకేసారి బట్టు బ్రేకులు, తడినేలపై వెనుకచక్రము జాఱకుండ జూచు యంత్రజ్ఞానము, రౌతు కోరినచో శక్తిని మితపఱచి యిచ్చు మీటలు మున్నగునవన్నియు నందు గలవు. యంత్రముగా నందు దోషము పట్టుట నావంటివానికి సాధ్యముకాదు.

అయితే ఈ 190 గుఱ్ఱములలో మన బాటపై నెన్ని పనిచేయును? చదునైన నేలపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున నొక బండి పోవుటకు గావలసిన శక్తి నాలుగైదు అశ్వములకు మించదు. ఆ వేగమున చక్రముల రాపిడియు గాలి యొత్తిడియు స్వల్పములే. వేగము పెరిగినకొలది గాలియే ప్రధానశత్రువగును. వేగము రెండింతలైనచో, గాలిని చీల్చుటకు గావలసిన శక్తి యెనిమిదింతలగును. తక్కిన నూటయెనుబది గుఱ్ఱములును గాలితో బోరాడుటకే పుట్టినవని దీని భావము. ఆ పోరాట మెంత వేగమున మొదలగునో, ఆ వేగము మన చట్టమున లేదు. కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించిన గరిష్ఠవేగములలో మోటారుసైకిలుకు నాలుగు వరుసల రహదారిపై 80 కిలోమీటర్లు, సాధారణపు బాటలపై 60 మాత్రమే. హయబూసా తన ఆఱు గేర్లలో మొదటిదానిలోనే నూరు దాటగలదు. కావున చట్టము ననుసరించు గృహస్థుడు రెండవ గేరు వేయకయే హైదరాబాదుదాక పోవచ్చును! గుఱ్ఱములు నిదురించుచున్నను మేత తప్పదు గదా. ఇది లీటరునకు 15 కిలోమీటర్ల ప్రాంతమున పోవును. స్ప్లెండరువాడు ఆ లీటరుతో సూర్యాపేటకు బోయి చేరును.

ఇదియంతయు కాగితపు లెక్క యనుకొందురేమో యని, “నన్నొకసారి యెక్కించుకొని పొమ్ము” అని నా శిష్యుని నడిగితిని. అర్వపల్లి వైపు బయలుదేఱితిమి. అతడు నెమ్మదిపరుడు. తోలుకోటు, శిరస్త్రాణము లేక బండి ముట్టడు. నాకును నొక శిరస్త్రాణము దెచ్చియుండెను. ఊరు దాటువఱకు నున్న వేగనిరోధకముల దగ్గఱ బండిని నత్తవలె నడిపెను. ఏలయనగా దాని పొట్టకును నేలకును నడుమ 125 మిల్లీమీటర్ల సందు మాత్రమే గలదు. పంచాయతీవారు తమ యిష్టము వచ్చినట్లు పోసిన గట్లను దాటుటకు నది చాలదు. ఊరి వెలుపల బాట తిన్నగా నున్నచోట నతడు పిడి కొంచెము త్రిప్పెను. నలుబదినుండి యెనుబదికి బోవుటకు నొక్క శ్వాసకాలము పట్టలేదు. నా వెన్ను వెనుకకు లాగబడెను. చెవులలో గాలి యొక్కసారి స్వరము మార్చినది. నలువదియైదేండ్ల వయస్సున నాకు నవ్వు వచ్చినది, భయమువలన గాదు, సంతోషమువలననే. అంతలో నెదుట వడ్లకుప్ప. అతడు బ్రేకు వేసెను. బండి చిత్రమువలె నిలిచెను.

అది నిలిచినది యెనుబదిలో నుండుటచేత. మంచి తారురోడ్డుపై మంచి బ్రేకులు గల బండి 60 కిలోమీటర్ల వేగమునుండి నిలుచుటకు నిరువది మీటర్ల మేర కావలెననుకొందము. 120లో నది యెనుబది మీటర్లగును, 180లో నూటయెనుబది. వేగము మూడింతలైన నిలుచుదూరము తొమ్మిదింతలగును. ఇది ప్రకృతిధర్మము. దీనిని ఏ యింజనీరును మార్చలేడు. పైగా ఆపద కన్ను గాంచి చేయి కదలుటకు నొక సెకను పట్టినచో, 180 వేగమున నా యొక్క సెకనులోనే బండి యేబది మీటర్లు ముందునకు బోయియుండును. మా బాటలో నేబది మీటర్ల నడుమ నొక గేదె, ఒక బడిపిల్ల, ఒక ట్రాక్టరు ట్రాలీ యుండుట నిత్యకృత్యము.

తిరిగివచ్చునపుడు నా శిష్యు డొక మాట చెప్పెను. “హైదరాబాదుల ఆఫీసుకు నేను దీనిమీద పోను సార్. స్కూటీమీదనే పోత. సిగ్నల్ కాడ ఆగితే కాళ్లకు సెగ కొడ్తది. సందుల తిప్పుదామంటే తిరుగది. నెలకోసారి, తెల్లారంగ రోడ్డు ఖాళీ ఉన్నప్పుడు దీన్ని తీస్త.” కొన్నవాడే యిట్లు చెప్పుచుండగా నింతకంటె ప్రమాణ మేమి కావలెను? వారి యింటిముందు మేము దిగునప్పటికి తల్లి గుడికి బోవుటకు సిద్ధముగా నుండెను. ఆమె బండి చుట్టును తిరిగి చూచి, వెనుకనున్న పిడికెడు పీటమీద చేయివేసి, “నేనెక్కడ కూసోవాలె బిడ్డా?” అనెను. అతడు నవ్వుచు దండ్రిగారి పాత స్ప్లెండరును దీసి తల్లి నెక్కించుకొని పోయెను. బండ్లను బరీక్షించువారు వ్రాయు పుటలన్నిటిలో లేని ప్రశ్న యామె యడిగినదని నాకు దోచినది.

ఇది యింతటితో ముగిసినచో నేనీ వ్యాసము వ్రాయకపోదును. వారము తిరుగకమున్నే మా వాడకట్టు రైతొకడు చీకటిపడిన పిదప మా యింటికి వచ్చి, అరుగుమీద గూర్చుండి చాలసేపు మాటాడలేదు. పిదప, “సారూ, పోరడు అన్నం తింటలేడు. ఇర్వై గుంటలు అమ్మి అసొంటి బండి కొనియ్యమంటున్నడు. పాతదైనా మంచిదేనంట. నువ్వన్న చెప్పు” అనెను. కొడుకు ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. కొత్తదాని వెల 2021లో విడుదలైననాడే పదునాఱు లక్షల నలుబదివేలు. పాతదైనను రైతునకు భూమి నమ్మక సాధ్యముకాదు. ఆ యిరువది గుంటలు కూతురి నర్సింగు చదువునకై యుంచుకొన్నవని నేనెఱుగుదును. కొడుకు కోరికకును కూతురి చదువునకును నడుమ దండ్రి నలుగుచుండెను. అయినను నతడు కొడుకు పేరు మాత్రమే యెత్తెను, కూతురి పేరెత్తలేదు. మన యిండ్లలో నాడపిల్ల వాటా యిట్లే నోరుమెదపకుండ గరగిపోవును.

“అన్నా, పిల్లవానిని నా దగ్గఱకు పంపుము” అంటిని. అతడు మఱునాడు ముఖము ముడుచుకొని వచ్చెను. ఉపన్యాస మిచ్చెదనని భయపడియుండును. నేనతనితో, “బిడ్డా, ఒక వారము మీ యింటిలో బండి చేసిన ప్రతి ప్రయాణమును వ్రాసి తెమ్ము. ఎవరు పోయిరి, ఎంత దూరము, వెనుక నెవరు గూర్చుండిరి, ఏమి మోసిరి, ఇంతే. తరువాత మనము హయబూసా లెక్కలు ప్రక్కన బెట్టి చూతము” అంటిని. అతనికి లెక్కలన్న నిష్టమే. వ్రాసి తెచ్చెను.

ఆ వారమున వారి పాత మోటారుసైకిలు ముప్పదియొక్కసారి బయలుదేఱినది. ఉదయము పాలకేంద్రమునకు ఏడుసార్లు. పొలమునకు పదిసార్లు. అందు రెండుసార్లు 45 కిలోల యూరియా బస్తా ముందు టాంకుమీద. నాయనమ్మను ప్రభుత్వాసుపత్రికి ఒకసారి. చెల్లెలిని బస్టాండుకు ఆఱుసార్లు. మార్కెట్టుకు, దుకాణమునకు ఆఱుసార్లు. సూర్యాపేటకు ఒక్కసారి. ఈ ముప్పదియొక్కటిలో 60 కిలోమీటర్ల వేగము కావలసిన ప్రయాణ మొక్కటియు లేదు. తరువాత ఒక్కొక్కదానికి నెదురుగా, “దీనిని హయబూసాపై చేయవచ్చునా?” అను గడి గీసితిమి. పాలడబ్బా గట్టుటకు చోటులేదు. యూరియా బస్తా కూర్చుండదు. నాయనమ్మ యెక్కలేదు. పొలముగట్టు బాటలో పొట్ట నేలకు దగులును. చెల్లెలు మాత్రము ప్రక్కకు గాళ్లు వేయక, మగవానివలె గూర్చున్నచో కష్టముమీద బోవచ్చును. ఆ గడులను నింపినది నేను కాదు, అతడే.

నింపిన పిదప కలము క్రింద బెట్టి, “సార్, మీరు మోసే బరువే లెక్కపెట్టిన్రు. సంతోషం లెక్కపెట్టలే” అనెను.

ఆ మాటకు నేను వెంటనే బదులు చెప్పలేదు. అది నిజమైన మాట. సంతోషమును లెక్కలోనికి దీసికొనని సంస్కారము సంస్కారము కాదు. పాటకు, పద్యమునకు, బంతియాటకు నేమి ప్రయోజనమని యడుగువాని నేను మెచ్చను. అర్వపల్లి బాటలో నాకు గలిగిన నవ్వును నేను మఱువలేదు. కావున నతనితో నిట్లు చెప్పితిని: “సంతోషమును దప్పక లెక్కింపుము. కాని, ప్రతి సంతోషమునకు నొక వెల యుండును. ఆ వెలను సంతోషించువాడే చెల్లించుచున్నాడా, ఇంకొకరు చెల్లించుచున్నారా యని చూడుము. ఇప్పుడు నీ సంతోషమునకు వెల మీ చెల్లెలు చెల్లింపవలసివచ్చుచున్నది. రేపు నీవు సంపాదించి కొనుక్కొన్నచో నేనడ్డుపడను. మద్రాసు దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట గలదు. అచట నెదురు వచ్చు బండి లేదు, గేదె లేదు, వడ్లకుప్ప లేదు. తోలుదుస్తులు, శిక్షకుడు, వైద్యుడు నుందురు. డేగ కాకాశము కావలెను. మన బాట గూడు మాత్రమే.”

అతనికి నే నింకొక సంగతి గూడ జెప్పితిని. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయరహదారి యిట్టి బండ్లకు దగినదని పిల్లలు భ్రమపడుదురు. ఆ రహదారిపైకి ద్విచక్రవాహనములకు ప్రవేశమే లేదు. 2011 సెప్టెంబరులో, భారతక్రికెట్టు జట్టుకు నాయకత్వము వహించిన మహమ్మద్ అజహరుద్దీన్ గారి పందొమ్మిదేండ్ల కుమారుడు వేయి సి.సి. బండిపై నా బాటలోనే ప్రమాదమునకు లోనై మరణించెను. వెంట నున్న బంధువైన బాలుడును దక్కలేదు. సంపద, కీర్తి, మంచి వైద్యము, అన్నియు నున్న యింటికే తీఱని శోకమది. ఒకరి దుఃఖమును మనకు బాఠముగా జేసికొనుట కఠినమే. అయినను మౌనముగా నుండుట యింకను కఠినమని చెప్పితిని.

ఇంత చెప్పి చిన్నబండ్లు నిర్దోషములని నేననను. కేంద్ర రవాణాశాఖ లెక్కలలో 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి నలువదినలుగురికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. మన దేశమున పెద్దబండ్లు కొలదియే గనుక, వీరిలో నధికసంఖ్యాకులు వంద, నూటయేబది సి.సి. బండ్లవారని తెలియుచునే యున్నది. శిరస్త్రాణము లేక, ముగ్గురు నలుగు రెక్కి, ఫోను చెవికి జేర్చి నడుపు చిన్నబండి, జాగ్రత్తపరుడు నడుపు పెద్దబండికంటె నపాయకరము. కావున నా వాదము పెద్దయింజనుమీద గాదు. కొనుటకు ముందు మన మడుగు ప్రశ్నమీద.

ఆ యింటిలో భూమి యమ్మలేదు. సంక్రాంతికి వారు వాయిదాలపై గేర్లు లేని యొక స్కూటరు గొనిరి. మొదట దానిని జూచి పిల్లవాడు ముఖము చిట్లించెను. ఇప్పుడు చెల్లెలు లైసెన్సు దీసికొని దానిపై బస్టాండుకు దానే పోవుచున్నది. కాళ్లు పెట్టుచోట పాలడబ్బా నిలుచును. నాయనమ్మ వెనుక గూర్చుండగలదు. ఒక్కడు నడుపుచుండిన యింటి ప్రయాణములను నిప్పుడు ముగ్గురు పంచుకొనుచున్నారు. అన్నకు వారమున కాఱుసార్లు బస్టాండుకు బోవు పని తగ్గినది. అతని గది గోడమీద హయబూసా పటము మాత్రము నట్లే యున్నది. దానిని దీయుమని నేనుగాని, తండ్రిగాని చెప్పలేదు. సెలవులలో మా యూరి మెకానిక్కు షెడ్డులో గూర్చుండి పాత యింజనులు విప్పి బిగించుచున్నాడని వింటిని.

కావున గృహస్థులగు చదువరులకు నా విన్నప మొక్కటే. బండి కొనుటకు ముందు దుకాణమువాడు చెప్పు సంఖ్యలను వినుడు. వినవలసినదే. పిదప ఇంటికి వచ్చి మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీని శక్తిలో మన బాట యెంత వాడుకొనగలదు? దీని వెల యెవరి వాటానుండి పోవుచున్నది? ఇంటిలో నెందఱు దీనిని నడుపగలరు, ఎందఱు దీనిపై గూర్చుండగలరు? మూడవ ప్రశ్నను ముఖ్యముగా నాడువారి నడుగుడు. బండిని వెలగట్టువేళ వారు వంటయింటిలో నుందురు. బండి యింటికి వచ్చిన పిదప, “మేమెక్కడ కూర్చుండవలెను?” అని యడుగవలసినవారు వారే.